డెత్ వ్యాలీకి ఆర్‌వీలో వెళ్లే రిటైర్డ్ దంపతులకి: బండి పొడవు, బ్రేకులు, కరెంటు, నీళ్లు

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. మీకు 64, మీ శ్రీమతిగారికి 60. ఇద్దరికీ గ్రీన్ కార్డు, ఇక్కడి లైసెన్సు ఉన్నాయి కానీ కారు కంటే పెద్ద బండి ఎప్పుడూ నడపలేదు. లాస్ వేగస్‌లో ఆర్‌వీ, అంటే మంచం, వంటిల్లు, మరుగుదొడ్డి లోపలే ఉన్న బండి, అద్దెకి తీసుకుని, ఫిబ్రవరిలో కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో 4 రాత్రులు ఉండాలని మీ ఆలోచన. ఎలాగూ తీసుకుంటున్నారు కదా, 30 అడుగులది తీసుకోండి, విశాలంగా ఉంటుంది అని మీ అబ్బాయి అంటున్నాడు. మీకేమో ఎడారిలో మన వంట ఎలా, నీళ్లు సరిపోతాయా, ఆవిడ ఇన్సులిన్ పాడవదా అని బెంగ.

ముందు సమాధానం చెప్పేస్తాను. నిక్షేపంగా వెళ్లండి, నెల కూడా మంచిదే ఎంచుకున్నారు. కానీ 30 అడుగుల బండి వద్దు. ముందు బంపర్ నుంచి వెనక చివరి దాకా 25 అడుగులు దాటనిది తీసుకోండి. రోజుకో చోటికి మారకుండా 4 రాత్రులూ పార్కు లోపలి ఫర్నెస్ క్రీక్ అనే చోటే ఉండండి. వెళ్లేటప్పుడు పారంప్ ఊళ్లో పెట్రోలు, సరుకులు, తాగే నీళ్లు నింపుకోండి. ఫిబ్రవరిలో ఎండ సంగతి మర్చిపోండి. మీరు చూసుకోవాల్సినవి వేరే: దిగుడు రోడ్డు మీద బ్రేకులు, 30 ఆంపుల కరెంటు, మూడు ట్యాంకులు, గాలి. ఇక ఒక్కొక్కటీ వివరంగా.

25 అడుగుల లెక్క ఎక్కడిది?

డెత్ వ్యాలీలో అందరూ చూడాలనుకునే రోడ్లలో రెండింటి మీద పార్కు వాళ్లు పొడవు పరిమితి పెట్టారు. ఒకటి ఆర్టిస్ట్స్ డ్రైవ్, 9 మైళ్ల వన్ వే. కొండల మధ్య ఇరుకుగా, నిలువునా దిగి వెంటనే ఎక్కే మలుపులు. రెండోది డాంటేస్ వ్యూకి వెళ్లే రోడ్డు చివరి భాగం. వైల్డ్‌రోజ్ వైపు వెళ్లే ఎమిగ్రెంట్ క్యాన్యన్ రోడ్డు మీదా ఇదే నిబంధన. 25 అడుగులు దాటిన బండికి మూడింట్లోనూ ప్రవేశం లేదు. 30 అడుగులది తీసుకున్నవాళ్లు అక్కడికి వెళ్లాలంటే వెనకాల ఇంకో కారు ఉండాలి. లేదంటే బోర్డు దగ్గర ఫొటో దిగి వెనక్కి రావాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అద్దె కంపెనీల పేర్లలో కనిపించే అంకె, బండి అసలు పొడవు ఒకటే కాకపోవచ్చు. వెనక నిచ్చెన, సైకిల్ స్టాండు కూడా పొడవులోకే వస్తాయి. "25 క్లాస్" అన్నారని ఊరుకోకండి, ఆ బండి పూర్తి పొడవెంతో ఒప్పందంలో రాయించుకోండి. ఇద్దరికి 22 నుంచి 24 అడుగుల క్లాస్ సి బండి చాలు. క్లాస్ సి అంటే డ్రైవరు సీటు పైన అటకలా మంచం ఉండేది. ఇది మామూలు లైసెన్సుతోనే నడపొచ్చు. ఆ అటక మంచం మీకు పనికిరాదు, మోకాళ్లతో ఎక్కలేరు. సూట్‌కేసులు అక్కడ పడేసి, వెనక కదలకుండా ఉండే మంచం ఉన్న మోడల్ అడగండి. సోఫాని రోజూ రాత్రి మంచంగా మార్చుకోవడం రెండో రోజుకే విసుగొస్తుంది.

ఒప్పందంలో ఇంకో రెండు చూడండి. చాలా కంపెనీలు వేసవి నెలల్లో డెత్ వ్యాలీకి తీసుకెళ్లకూడదని రాస్తాయి. ఫిబ్రవరికి అది అడ్డు కాదు కానీ మట్టిరోడ్ల నిషేధం ఏడాదంతా ఉంటుంది. మైలేజీకి, జనరేటర్ నడిపిన గంటలకి విడిగా చార్జీ ఉంటుంది. బండి తీసుకునేటప్పుడు రెండు మీటర్లూ ఫొటో తీసి పెట్టుకోండి.

ఎప్పుడు, ఎక్కడ

నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా మంచి కాలం. ఫిబ్రవరిలో ఫర్నెస్ క్రీక్‌లో పగలు సగటున 23 డిగ్రీల సెల్సియస్, రాత్రి 8. డిసెంబరులో రాత్రి 3, 4కి దిగుతుంది, లంబసింగి చలి అన్నమాట. జులైలో పగటి సగటు 47. 1913 జులై 10న ఇక్కడే 56.7 నమోదైంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లమే కదా అనుకుని వేసవిలో బయల్దేరేవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే: వద్దు. ఆర్‌వీ పైకప్పు మీద ఉండే ఏసీ ఆ వేడిని అసలు మోయలేదు.

ఫర్నెస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ సముద్రమట్టానికి 196 అడుగుల దిగువన ఉంది. అందులో ఫుల్ హుకప్, అంటే కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న సైట్లు 18 మాత్రమే. అక్టోబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో 6 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. ఫిబ్రవరి 10కి కావాలంటే ఆగస్టు 10 ఉదయం 7 గంటలకి, పసిఫిక్ కాలం ప్రకారం, కంప్యూటర్ ముందు సిద్ధంగా ఉండాలి. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. ఆ వారాంతం మాత్రం వదిలేయండి, జాతరే.

హుకప్ దొరకలేదని ట్రిప్పు మానుకోవద్దు. రోడ్డు దాటితే సన్‌సెట్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, చలికాలంలో తెరుస్తారు. కంకర పరిచిన పెద్ద మైదానం, చెట్టూ చేమా లేవు. ఆర్‌వీలన్నీ వరసగా నిలబడి ఉంటాయి. హుకప్ లేదు కానీ తాగునీటి కొళాయి, ఫ్లష్ మరుగుదొడ్లు, డంప్ స్టేషన్ (బండి మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు) ఉన్నాయి. పైనున్న టెక్సస్ స్ప్రింగ్స్ అందంగా ఉంటుంది కానీ అక్కడ జనరేటర్ వేయనివ్వరు. మిగతా చోట్ల ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకానే.

ఇక పాసు. 62 నిండిన పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి సీనియర్ పాస్ ఇస్తారు. జీవితకాలానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20. మీ పేరు మీద తీసుకుంటే చాలు, మీ బండిలో ఉన్న ఆవిడకీ వర్తిస్తుంది. పార్కు క్యాంప్‌గ్రౌండ్ అద్దె సగమవుతుంది, హుకప్ వాటా మీద మాత్రం ఆ తగ్గింపు రాకపోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి ఈ పాసు ఇవ్వరు, వాళ్లు పాసు ఉన్నవాళ్ల బండిలో కాకుండా విడిగా వస్తే మామూలు ప్రవేశ రుసుము కట్టాలి. ఇక్కడ నగదు తీసుకోరు, కార్డు దగ్గర ఉంచుకోండి.

వెళ్లే దారి, దిగుడు

లాస్ వేగస్ నుంచి హైవే 160 మీద పారంప్, అక్కణ్నుంచి బెల్ విస్టా రోడ్డులో డెత్ వ్యాలీ జంక్షన్, తర్వాత హైవే 190 మీద ఫర్నెస్ క్రీక్. మొత్తం 120 మైళ్లు. కారుకి రెండున్నర గంటలైతే మీకు మూడున్నర వేసుకోండి. పడమర వైపు నుంచి, అంటే పానమింట్ స్ప్రింగ్స్ మీదుగా, కొత్తవాళ్లు రావొద్దు. ఆ దారిలో టౌన్ పాస్ 4,956 అడుగుల ఎత్తు. అక్కణ్నుంచి 17 మైళ్లలో సముద్రమట్టానికి దిగిపోతారు. పెద్ద బండి మొదటిసారి పట్టినవాళ్లు నేర్చుకునే చోటు కాదది.

పారంప్ దారిలోనూ దిగుడు ఉంది. జంక్షన్ దాటాక కొంచెం ఎక్కి, ఆపైన సముద్రమట్టం కిందికి ఏకధాటిగా జారుతుంది రోడ్డు. వాలు అంత భయంగా కనిపించదు. అందుకే చాలామంది బ్రేకు మీద కాలు ఉంచి వదలకుండా దిగుతారు. అప్పుడు ప్యాడ్లు వేడెక్కి, ఒక స్థాయి దాటాక పట్టు వదిలేస్తాయి. నొక్కినా బండి ఆగదు.

చేయాల్సింది ఇది. దిగుడు మొదలవకముందే గేరు లీవరు చివర ఉండే టో హాల్ బటన్ నొక్కండి. బండి తనంతట తనే కింది గేరులోకి వెళ్లి ఇంజిను పట్టు ఇస్తుంది. ఇంజిను గట్టిగా అరుస్తుంది, కంగారు పడకండి, దానికేం కాదు. వేగం గంటకి 45 మైళ్లు దాటితే బ్రేకు గట్టిగా నొక్కి 35కి తెచ్చి పూర్తిగా వదిలేయండి. మళ్లీ 45 వచ్చాక మళ్లీ నొక్కండి. ఆ మధ్యలోనే బ్రేకులు చల్లారుతాయి. కాలిన వాసన వస్తే పక్కన వెడల్పు చోటు చూసి ఆపి అరగంట ఆగండి. చల్లారాలని చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది.

వచ్చేటప్పుడు ఇదే ఎక్కుడు. ఇంజిను వేడి చూపించే సూది పైకి పోతుంటే ఏసీ ఆపి, వేగం తగ్గించి, కుడివైపు నిదానంగా వెళ్లండి. వెనక నాలుగైదు కార్లు చేరితే వెడల్పు చోట పక్కకి జరిగి దారివ్వండి.

ఇంకొకటి, తోక ఊపు. క్లాస్ సి బండికి వెనక చక్రాల తర్వాత కూడా చాలా అడుగుల శరీరం ఉంటుంది. పెట్రోలు బంకులో కుడికి తిప్పి బయటికి వస్తుంటే, ఆ తోక ఎడమకి ఊగి పంపు పక్కనున్న స్తంభానికి తగులుతుంది. అద్దె ఆర్‌వీలకి పడే సొట్టల్లో ఇది బాగా తరచు. బంకులోంచి కదిలేటప్పుడు ముందు 10 అడుగులు తిన్నగా వెళ్లి అప్పుడు తిప్పండి. రివర్సు చేసేటప్పుడు ఆవిడ దిగి, ఎడమ అద్దంలో మీకు కనిపించేలా నిలబడాలి. కనిపించకపోతే వెంటనే బ్రేకు. చేతి సైగలు ముందే అనుకోండి, వాడంతా వినపడేలా అరుచుకోవాల్సిన పని ఉండదు.

కరెంటు: 30 ఆంపులతో మన వంట

మీ బండికి వచ్చేది 30 ఆంపులు, 120 వోల్టులు. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి ఒక 13 ఆంపులు, మైక్రోవేవ్‌కి 12 నుంచి 13, ఎలక్ట్రిక్ కెటిల్‌కి 12, ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద 15, చిన్న రైస్ కుక్కర్‌కి 6 పోతాయి. ఏ రెండు పెద్దవి కలిసినా అంచుకి వచ్చేశారన్నమాట, మూడోది పెడితే బ్రేకర్ పడిపోతుంది. అంతకంటే ముందు పడేది ఇంకోటి ఉంది. లోపలి ప్లగ్గులన్నీ తరచుగా ఒకే 15 ఆంపుల లైను మీద ఉంటాయి. ఇండక్షన్ 1,800 మీద పెట్టి పక్క ప్లగ్గులో ఫోను చార్జింగ్ పెట్టినా చాలు. ఇండక్షన్‌ని 1,200 వాట్ల దగ్గర పెట్టుకుని, అది నడుస్తున్నప్పుడు మిగతావి ఆపండి. అసలు బండిలో ప్రొపేన్ గ్యాస్ పొయ్యి ఉంటుంది, అన్నం పప్పు దాని మీదే హాయిగా అవుతాయి. మూడు లీటర్ల కుక్కర్ సరిపోతుంది.

ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడ 120 వోల్టుల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లడం దండగ. పచ్చళ్లు, పొడులు, రుబ్బిన పిండి ఇంటి దగ్గరే చేసుకుని తీసుకెళ్లండి. పిండి ఇంట్లోనే పులియబెట్టాలి, ఎడారి రాత్రి చలికి బండిలో పులవదు. డబ్బాలో సగానికి మించి పోయొద్దు. కొండ దిగేటప్పుడు ఊగి, మూత కిందనుంచి కారి, ఫ్రిజ్ తలుపు రబ్బరులో దూరిందంటే నాలుగు రోజులూ ఆ పుల్ల వాసనే.

పోపు. ఎండుమిరపకాయ వేయగానే పొయ్యి పైనున్న పొగ అలారం మోగుతుంది. రాత్రి పూట అది పక్క సైట్లకి కూడా వినిపిస్తుంది. దాని బ్యాటరీ తీసేయడం చాలామంది చేసే పని, దయచేసి చేయకండి. గ్యాస్ పొయ్యి, హీటరు ఉన్న చిన్న డబ్బాలో నిద్రపోతున్నారు మీరు. పైకప్పు ఫ్యాన్ బయటికి లాగేలా పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి, అప్పుడు పోపు వేయండి. ఇంకా మంచిది, చిన్న క్యాంపు పొయ్యి కొనుక్కుని బయట బల్ల మీద వేయడం.

హుకప్ లేని సైటులో రాత్రి హీటరు గురించి ఒక లెక్క. మంట ప్రొపేన్‌తో వచ్చినా దాని ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది, 7 లేదా 8 ఆంపులు. రాత్రి 8 గంటల్లో సగం సేపు తిరిగిందనుకున్నా 30 ఆంపియర్ అవర్లు పోతాయి. 100 అవర్ల మామూలు లెడ్ బ్యాటరీలో వాడదగ్గది సగమే. కాబట్టి థర్మోస్టాట్ 15 డిగ్రీలకి తగ్గించి, మందపాటి రగ్గు కప్పుకోండి. లేచాక 7 గంటలకి జనరేటర్ వేసి, కాఫీ, ఉప్మా అయ్యేదాకా ఒక రెండు గంటలు బ్యాటరీ ఎక్కించండి. పెట్రోలు పావు ట్యాంకుకి వస్తే జనరేటర్ దానంతట అదే ఆగిపోతుంది. చెడిపోలేదు, మీరు బండి నడిపి వెళ్లడానికి పెట్రోలు మిగలాలని అలా చేస్తారు.

నీళ్లు, ట్యాంకులు

అందరికీ తడబాటు వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. బండిలో మూడు ట్యాంకులు. మంచినీళ్లది సుమారు 40 గ్యాలన్లు. సింకు, స్నానం నీళ్లు పోయే గ్రే ట్యాంకు 30 వరకు. మరుగుదొడ్డి బ్లాక్ ట్యాంకు 20 నుంచి 30. మోడల్ బట్టి మారతాయి, తాళాలు తీసుకునేటప్పుడు అడగండి.

హుకప్ లేకపోతే ఇద్దరికి రోజుకి 12 గ్యాలన్లు వేసుకోండి. స్నానానికి చెరో 3 గ్యాలన్లు: తడుపుకుని, కొళాయి కట్టేసి సబ్బు రాసుకుని, మళ్లీ తెరిచి కడుక్కోవడం. గిన్నెలకి 3, మరుగుదొడ్డికి 2, మిగతావాటికి ఒకటి. అలా 3 రోజులు వస్తాయి. తాగడానికి ట్యాంకు నీళ్లు వాడకండి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున, 4 రోజులకి 8, ఇంకో 4 అదనంగా, పారంప్‌లో డబ్బాలు కొనండి. స్నానం దగ్గర పిసినారితనం నచ్చకపోతే, పక్కనున్న ర్యాంచ్ అనే హోటల్లో డబ్బు కట్టి హాయిగా స్నానం చేసి రావొచ్చు.

గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడిచేయండి. నూనె, పప్పు, పులుసు గ్రే ట్యాంకులోకి వెళ్తే రెండో రోజుకి సింకులోంచి వాసన కొడుతుంది. బియ్యం కడిగిన నీళ్లు కూడా అంతే, పిండిపదార్థం అడుగున పేరుకుంటుంది. వీటిని నేల మీద పారబోయడం పార్కులో నేరం, జరిమానా వేస్తారు.

ఇప్పుడు అడగడానికి అందరూ మొహమాటపడే విషయం. మనకి చెంబూ నీళ్లూ లేనిదే కుదరదు. కుదుర్చుకోవచ్చు. నీళ్లు ఎక్కువ పోవడం బ్లాక్ ట్యాంకుకి మంచిదే, తక్కువైతేనే గట్టిపడి పైపు పూడుతుంది. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. అరలీటరు పట్టే ప్లాస్టిక్ సీసాకి మూతలో చిల్లు పెట్టుకుంటే చెంబులో సగం నీళ్లతో పని అయిపోతుంది. కాగితం వాడితే ఆర్‌వీ కాగితమే. తడి తుడుపులు, అవి "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్నా సరే, అందులో వేయొద్దు. ప్రతిసారీ వెళ్లే ముందు తొట్టిలో కొంచెం నీళ్లు నింపుకోండి.

ఫుల్ హుకప్ ఉన్నా బ్లాక్ వాల్వు మూసే ఉంచాలి. పైపు తగిలించేసి వాల్వు తెరిచి వదిలేస్తే నీరంతా పోయి ఘనం లోపలే గుట్టగా ఎండిపోతుంది. ఆ తర్వాత దాన్ని కదిలించడం మెకానిక్‌కి కూడా ఇష్టం ఉండదు. మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేయాలి.

ఖాళీ చేసే పద్ధతి: చేతికి తొడుగులు. వాల్వులు రెండూ మూసి ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడే బండి మురుగు గొట్టం మూత తీయండి. మూత కింద కొంచెం కారడం మామూలే, పక్కకి నిలబడండి. పైపు బండికి తిప్పి బిగించండి, లాగి చూడండి. రెండో కొస రంధ్రంలోకి దించి, జారిపోకుండా మీద రాయి పెట్టండి. ముందు బ్లాక్ వాల్వు ఒక్క ఊపున పూర్తిగా లాగండి. సగం సగం తెరిస్తే వేగం లేక అడుగున ఉండిపోతుంది. శబ్దం ఆగాక మూసి, తర్వాత గ్రే తెరవండి. ఆ సబ్బు నీళ్లే పైపుని కడిగేస్తాయి. చివర్న బ్లాక్‌లోకి నాలుగైదు గ్యాలన్లు పోసి, ట్యాంకు మందు ప్యాకెట్టు వేయండి. లోపల ప్యానెల్ మీద ట్యాంకు ఇంకా "నిండింది" అని చూపిస్తే గాభరా వద్దు, సెన్సారుకి కాగితం అంటుకుని ఉంటుంది. డంప్ స్టేషన్‌లో పైపులు కడిగే కొళాయి వేరు, తాగునీటి కొళాయి వేరు. బోర్డు చదివాకే మంచినీళ్లు పట్టండి.

ఇన్సులిన్, ఆరోగ్యం

ఆర్‌వీ ఫ్రిజ్‌లు చాలావరకు గ్యాస్ మీద కూడా నడిచే రకం. అవి చల్లబడటానికి 8 గంటలకు పైనే పడుతుంది. ముందు రోజు రాత్రే వేసి ఉంచమని కంపెనీకి చెప్పండి. బండి ఒక పక్కకి వాలి ఉంటే ఈ ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు, ఎక్కువసేపు అలా ఉంటే పాడవుతుంది కూడా. చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు అడిగి తీసుకోండి. బల్ల మీద పళ్లెంలో గోళీ పెడితే ఎటు వాలుందో తెలుస్తుంది.

ఇన్సులిన్ ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఈ ఫ్రిజ్‌ల వెనక గోడకున్న రేకుల దగ్గర గడ్డకట్టేస్తుంది, తలుపు అరలో వేడెక్కుతుంది. చిన్న థర్మామీటర్ కొని మధ్య అరలో పెట్టి, ఒక రాత్రి చూశాక చోటు ఖాయం చేయండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్ను గది వేడిలో ఉండొచ్చు కాబట్టి అది ఆవిడ సంచిలోనే ఉంచుకోవచ్చు, డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు.

చల్లగా ఉన్నా గాలి పొడి. చెమట పట్టినట్టే తెలియదు, దాహం కూడా వేయదు, సాయంత్రానికి తలనొప్పి. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరుని ముందే అడగాలి. మజ్జిగ ప్యాకెట్లు పట్టుకెళ్లండి, అంతకంటే మంచిది లేదు. పార్కులో ఆసుపత్రి లేదు, దగ్గర్లోది పారంప్‌లో, గంటకు పైనే. ఫోను సిగ్నల్ ఫర్నెస్ క్రీక్‌లోనూ, స్టవ్‌పైప్ వెల్స్‌లోనూ కొద్దిగా వస్తుంది, మధ్యలో ఉండదు. ఏ రోజు ఎక్కడికో పొద్దున్నే అబ్బాయికి మెసేజ్ పెట్టి బయల్దేరండి.

ఏ రోజు ఏం చూడాలి

మొదటి రోజు చేరి, సర్దుకుని, సాయంత్రం హార్మొనీ బోరాక్స్ వర్క్స్ చూడండి. చదునైన చిన్న నడక, 20 కంచరగాడిదల బండి అక్కడుంటుంది. రెండో రోజు పొద్దున్నే బ్యాడ్‌వాటర్, 17 మైళ్లు. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువ. పార్కింగ్ పక్కనున్న కొండ మీద తలెత్తి చూస్తే సముద్రమట్టం అని బోర్డు కనిపిస్తుంది. చినగంజాం ఉప్పుమడులు చూసినవాళ్లకి కూడా ఇది కొత్తే: పార్కింగ్ దగ్గర తొక్కి తొక్కి చదునైన ఉప్పు, ముందుకి అర మైలు వెళ్తే చేతిగట్టులాంటి అంచులతో పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. అంచు వేలితో తాకితే గరగరలాడే తెల్లటి పొర, కింద తడి మట్టి. నీరు ఆవిరై ఉప్పు పెరుగుతూ అంచుల్ని పైకి నెడుతుంది. నీడ లేదు, టోపీ తప్పనిసరి. 2023 ఆగస్టులో హరికేన్ హిలరీ వానకి ఇదంతా చెరువైపోయింది. వాన ఎక్కువ పడ్డ ఏడాది వెళ్తే నీళ్లుండొచ్చు.

తిరిగి వస్తూ ఆర్టిస్ట్స్ డ్రైవ్. అది దక్షిణం నుంచి ఉత్తరానికి వన్ వే కాబట్టి బ్యాడ్‌వాటర్ నుంచి వచ్చేటప్పుడే కలుస్తుంది. మధ్యాహ్నం దాటాక వెళ్తే కొండల రంగులు తేలతాయి. లోపలికి వెళ్లేముందు అల్మారా గొళ్లాలన్నీ వేయండి, ఆ ఎత్తుపల్లాలకి గిన్నెలు ఎగురుతాయి.

మూడో రోజు తెల్లవారకముందే జబ్రిస్కీ పాయింట్, అక్కణ్నుంచి డాంటేస్ వ్యూ. 5,475 అడుగుల ఎత్తు, కింద బ్యాడ్‌వాటర్ కంటే 10 డిగ్రీలు చల్లగా ఉండటం మామూలే, గాలి వేరే. స్వెట్టర్, మఫ్లరు బండిలో కాదు, ఒంటి మీద ఉండాలి. చివర్న ఎక్కుడు నిలువుగా ఉంటుంది, కింది గేరులోనే వెళ్లి కింది గేరులోనే దిగండి.

నాలుగో రోజు మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెలు. ఎక్కనక్కర్లేదు, అంచున పావుగంట నడిస్తే చాలు. యుబెహెబె బిలం బాగుంటుంది కానీ రానూపోనూ 110 మైళ్లకి పైనే, అంత దూరం ఈ బండి నడపడం అనవసరం. స్కాటీస్ క్యాజిల్ 2015 వరద తర్వాత మూతపడింది, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్ల పరిస్థితితో పాటు అదీ చూసుకోండి. ట్వంటీ మ్యూల్ టీమ్ క్యాన్యన్ మట్టిరోడ్డు, ఆర్‌వీలకి కాదు. జీపీఎస్ దగ్గరి దారి అని ఏ మట్టిరోడ్డు చూపించినా నమ్మకండి, విజిటర్ సెంటర్‌లో కాగితం మ్యాపు తీసుకోండి.

గాలి

బండి పక్కన చాపలా తెరుచుకునే ఆనింగ్ ఉంటుంది. నీడ కోసం తెరిచి, బ్యాడ్‌వాటర్ వెళ్లొచ్చేసరికి చిరిగి కప్పు మీద పడి ఉండటం ఇక్కడ మామూలు కథ. బండి దగ్గర మీరు లేకపోయినా, నిద్రపోతున్నా, అది మూసే ఉండాలి. అద్దె బీమాల్లో చాలావాటికి ఆనింగ్ వర్తించదు. గాలి గంటకి 30 మైళ్లు దాటుతుందని సూచన ఉంటే ఆ రోజు బండి కదపకండి. బండి తలుపు తెరిచేటప్పుడు కూడా గాలి ఎటుందో చూసి, రెండు చేతులతో పట్టుకుని తెరవండి.

తిరిగి ఇచ్చే రోజు ట్యాంకులు క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఖాళీ చేయండి, పెట్రోలు పారంప్‌లో నింపండి. పార్కు లోపల ధర చాలా ఎక్కువ. మెట్టు లోపలికి మడిచారా, పైకప్పు కిటికీ మూశారా, కరెంటు కేబుల్ స్తంభం నుంచి తీశారా, ఈ మూడూ ఆవిడ ఒకసారి, మీరు ఒకసారి బండి చుట్టూ తిరిగి చూడండి. కేబుల్ తగిలించి ఉండగానే కదిలే బండి ప్రతి సీజన్లో ఒకటైనా కనిపిస్తుంది.

మీరు చూస్తున్న మోడల్ పేరు, దాని పూర్తి పొడవు ఇక్కడ పెడితే వెనక మంచం, ట్యాంకుల సైజు సరిపోతాయో లేదో చూసి చెప్తాను.